రాకెట్లు రాకముందు శ్రీహరికోటకు చరిత్ర ఉందా? ఒక ఉపాధ్యాయురాలి ప్రశ్నకు సమాధానం

ఒంగోలు నుంచి ఒక ఉపాధ్యాయురాలు అడిగిన ప్రశ్న ఇది. తొమ్మిదో తరగతి పిల్లలను రాకెట్ ప్రయోగం చూపించడానికి శ్రీహరికోటకు తీసుకువెళ్తున్నారట. దారిలో ఆ దీవి చరిత్ర కూడా చెబుదామని వెదికితే, 1969కి ముందు అది "జనసంచారం లేని అడవి" అన్న ఒక్క వాక్యం తప్ప మరేమీ దొరకలేదట. ఆ వాక్యం నిజమేనా, కాకపోతే అంతకుముందు పిల్లలకు చెప్పదగ్గ ఘట్టాలు ఏమైనా ఉన్నాయా అని అడిగారు.

అమ్మా, ఆ వాక్యం నిజం కాదు. శ్రీహరికోటలో మనుషులు తరతరాలుగా ఉన్నారు, ఘట్టాలూ ఉన్నాయి. నెల్లూరులో చరిత్ర పాఠాలు చెబుతూ, సెలవుల్లో ఈ తీరం ఊళ్లు తిరిగి, తాలూకా రికార్డులు చదివిన అనుభవంతో నేను నాలుగు మలుపులను ముఖ్యమైనవిగా చెబుతాను. ఒకటి, 1626లో దీవికి ఉత్తరాన దుగరాజపట్నంలో ఇంగ్లీషువారు కోట కట్టుకోవడం. రెండు, 1835లో దీవి కంపెనీ సర్కారు అధీనంలోకి రావడం. మూడు, బకింగ్‌హాం కాలువ. నాలుగు, రాకెట్ కేంద్రం కోసం సరస్సు నడుమ వేసిన రోడ్డు. నాలుగోదానిలో నేను రాకెట్ అనకుండా రోడ్డు అన్నది ఆలోచించే అన్నాను. ఈ దీవిని చేరే దారి మారినప్పుడల్లా దీవిలో ఎవరు ఉండాలి, దీవి దేనికి ఉపయోగపడాలి అన్న సంగతి కూడా మారిపోయింది.

ముందుగా పిల్లలు పటంలో చూడవలసినది. శ్రీహరికోట ఉత్తర దక్షిణాలుగా సాగిన పొడవాటి ఇసుక నేల. తూర్పున బంగాళాఖాతం, పడమర పులికాట్ సరస్సు. మన పెద్దలు ప్రళయకావేరి అని పిలిచిన ఈ సరస్సు ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత దేశంలో రెండవ పెద్దది. సూళ్లూరుపేట మీదుగా వచ్చే కాళంగి, దక్షిణాన అరణి దీనిలో కలుస్తాయి. సముద్రపు పోటు ముఖద్వారాల గుండా లోపలికి వస్తుంది. లోతు చాలా చోట్ల మనిషి నడుముకు మించదు. సరస్సులో ఇరకం, వేనాడు వంటి మరికొన్ని దీవులు, చిన్నా పెద్దా తిప్పలు ఉన్నాయి.

ఇక "జనసంచారం లేని అడవి" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే అది ఒక్క శ్రీహరికోటకు సంబంధించిన విషయం కాదు. పాత రెవెన్యూ లెక్కల్లో, డైగ్లాట్ అనే భూముల రిజిస్టరులో, ఒక సర్వే నంబరు ఎదురుగా పట్టాదారు పేరు ఉంటుంది, లేదా "అడవి పోరంబోకు" అనో మరొక పోరంబోకు అనో ఉంటుంది. పట్టా లేని మనిషికి ఆ పేజీలో చోటు లేదు. శ్రీహరికోట అడవిలో ఉన్న యానాదులకు పట్టాలు లేవు. అందువల్ల ఆ లెక్కలు మాత్రమే చదివినవారికి అడవి కనిపించింది గాని అందులో బతికినవారు కనిపించలేదు. స్థానిక చరిత్ర రాసే యువకులకు నేను ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: పోరంబోకు అన్న మాట కనిపించిన ప్రతిచోటా ఆ ఊరికి వెళ్లి, ఆ నేల మీద ఎవరు కట్టె కొట్టుకున్నారు, ఎవరు తేనె తీశారు, ఎవరు పశువులను మేపుకున్నారు అని అడగాలి.

యానాదులు నెల్లూరు సీమకు అతి పాత నివాసులు. నేడు షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొంది, రాష్ట్రంలోని పెద్ద గిరిజన సమూహాల్లో ఒకటిగా ఉన్నారు. శ్రీహరికోట యానాదుల జీవనం అడవి, సరస్సు రెండింటి మీదా ఆధారపడింది. దుంపలు, తేనె, కుంకుళ్లు, సుగంధిపాల వేర్లు అడవి నుంచి, చేపలు, పీతలు నీటి నుంచి. వారి మూలికా జ్ఞానాన్ని గురించి పాత ఇంగ్లీషు అధికారులు కూడా రాశారు. సూళ్లూరుపేట సమీపంలోని ఒక కాలనీలో ఒక యానాది అవ్వ నాకు దుంప తవ్వే పద్ధతి చేసి చూపించారు. ఎండిపోయిన తీగను వేళ్ల మధ్య పట్టుకుని నేల దాకా వెళ్లి, అక్కడ గడ్డపారతో గుచ్చకుండా, పక్కన జానెడు దూరంలో ఇసుక తోడి, దుంప తల కనిపించగానే పైభాగం కొంత వదిలి కింది భాగమే కోశారు. వదిలిన ముక్కను మళ్లీ ఇసుకతో కప్పి, కాలితో మెల్లగా అదిమారు. "తల తీస్తే వచ్చే వానకు ఏం మొలస్తాది నాయనా" అన్నారు. అడవిని ఇంత ఎరుకతో వాడుకున్నవారు ఉన్న నేలను నిర్జనం అని రాయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు మొదటి మలుపు. 17వ శతాబ్దం ఆరంభంలో ఈ తీరానికి విదేశీ వర్తకులు వచ్చింది బట్టల కోసం. డచ్చివారు 1610 నాటికి సరస్సు దక్షిణ కొసన ఉన్న పులికాట్‌లో స్థిరపడి, 1613లో గెల్డ్రియా కోట కట్టారు. వారి పోటీకి తట్టుకోలేని ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కొంచెం ఉత్తరంగా, దీవికి ఎగువన ఉన్న దుగరాజపట్నంలో 1626లో స్థావరం ఏర్పరచుకుంది. వారి రికార్డుల్లో ఆ ఊరి పేరు ఆర్మగాం. అక్కడ తమకు సహాయపడిన ఆర్ముగం ముదలియార్ పేరు మీద అలా పిలిచారని చెబుతారు. గోడ కట్టి ఫిరంగులు నిలిపిన ఆ స్థావరం ఈ దేశంలో ఇంగ్లీషువారి తొలి కోటల్లో ఒకటి. అయితే అక్కడ సరుకు అనుకున్నంతగా దొరకలేదు. స్థావరాధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణాన మంచి చోటు వెదుకుతూ వెళ్లి, దామర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి 1639లో మద్రాసు నేలకు అనుమతి సంపాదించాడు. ఆ మరుసటి ఏడాది కంపెనీ అక్కడికి తరలిపోయింది. అంటే చెన్నపట్నం పుట్టుకకు ముందుమాట పాత నెల్లూరు జిల్లా తీరంలో, శ్రీహరికోట పక్కన రాయబడింది. దుగరాజపట్నం పేరు ఈ కాలంలో ఓడరేవు ప్రతిపాదనల వార్తల్లో మాత్రమే వినిపిస్తోంది గాని, ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేరాకైనా అర్హమైనది.

బట్టల వ్యాపారానికీ దీవికీ ఇంకొక ముడి ఉంది. కలంకారీ వంటి అద్దకపు బట్టలకు ఎరుపు రంగునిచ్చేది చిరివేరు. ఇసుక నేలల్లో దానంతట అదే మొలిచే చిన్న మొక్క వేరు అది. శ్రీహరికోట ఇసుకలో అది విరివిగా దొరికేది, దానిని తవ్వి తెచ్చేది యానాదులు. పులికాట్ నుంచి ఓడ ఎక్కిన ఎర్ర అద్దకాల వెనుక ఈ తీరపు ఇసుకలో వేరు తవ్విన చేతులు ఉన్నాయని పిల్లలకు చెప్పండి, వారికి వెంటనే అర్థమవుతుంది. 1869 ప్రాంతంలో జర్మనీలో కృత్రిమంగా ఎరుపు రంగు తయారు చేయడం కనుగొన్న తర్వాత చిరివేరు గిరాకీ క్రమంగా పడిపోయింది.

రెండవ మలుపు 1835. ఆర్కాటు నుంచి ఏలిన కర్ణాటక నవాబు పాలన 1801లో ముగిసి నెల్లూరు సీమ కంపెనీ చేతికి వచ్చినా, శ్రీహరికోట నేరుగా సర్కారు ఆధీనంలోకి వచ్చింది 1835లో. అప్పటి అధికారుల రాతల్లో దీవి యానాదుల ప్రస్తావన మొదలయ్యేది ఇక్కడి నుంచే. సర్కారు ఒక ఏర్పాటు చేసింది: యానాదులు చిరివేరు, తేనె, మైనం, కుంకుళ్లు, ముషిణి గింజలు వంటివి తెచ్చి అప్పగించాలి, బదులుగా వారికి ధాన్యం, బట్ట వంటివి ఇస్తారు. పైకి చూస్తే ఇది ఆదరణలాగే ఉంటుంది, కొందరు అధికారులు నిజంగా ఆ ఉద్దేశంతోనే చేసి ఉంటారు కూడా. కానీ అంతవరకు తమ అవసరానికి, తమ ఇష్టానికి వాడుకున్న అడవిలో వారు ఆ రోజు నుంచి సర్కారుకు సేకరించి పెట్టే పనివారయ్యారు. తర్వాతి కాలంలో కొన్నిచోట్ల యానాదులను, కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టిన నేరస్థ జాతుల చట్టం కిందకు కూడా తెచ్చారు. నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల సంఘాలు కట్టి, ఆ చట్టం రద్దు కావాలని పోరాడి, జీవితమంతా ఈ పనికే వెచ్చించారు. చట్టం 1952లో రద్దయింది. శ్రీహరికోట చరిత్ర చెప్పేటప్పుడు శాస్త్రవేత్తల పేర్లతో పాటు ఆయన పేరు కూడా చెప్పాలని నా మనవి.

మూడవ మలుపు కాలువ. మద్రాసు నుంచి ఉత్తరంగా ఎన్నూరు వరకు 1806లో ప్రైవేటుగా తవ్విన కాలువను 1837లో ప్రభుత్వం తీసుకుని, దశలవారీగా పులికాట్ సరస్సు మీదుగా నెల్లూరు తీరం వెంట పైకి పొడిగించింది. 1876-78 నాటి ఘోరమైన కరువులో కూలీలకు పని కల్పించే పేరుతో మద్రాసు నగరంలోని ముక్కను తవ్వి కలిపారు, అప్పటి గవర్నరు పేరు మీద బకింగ్‌హాం కాలువ అన్నారు. శ్రీహరికోటకు దీనితో వచ్చిన మార్పు ఏమిటంటే, అడవి కట్టెకు మద్రాసు బజారు దగ్గరైంది. సరుగుడు తోటలు వేసి, కట్టె కొట్టి, పడవల్లో నింపి మద్రాసు పొయ్యిలకు పంపారు. ఇదే దీవిలో జామాయిల్ కూడా పెంచారు. రాకెట్ కేంద్రానికి నేల తీసుకునే నాటికి శ్రీహరికోట ప్రధానంగా వంటచెరకు తోట. అటు కట్టె, ఇటు ఉప్పు, ధాన్యం మోసిన ఆ కాలువ రైలు, లారీ రావడంతో వెనుకబడి, తుఫానులకు గట్లు తెగి, ఇప్పుడు చాలా చోట్ల పూడిపోయి కనిపిస్తుంది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు సరస్సు రెండు రాష్ట్రాలకు చెందింది. అధిక భాగం మనకు, దక్షిణపు ముఖద్వారం మద్రాసు వైపు. నీటి మీద గీత గీయలేరు గనుక ఇరువైపులా జాలరుల మధ్య హద్దు తగాదాలు తరచుగా వస్తూనే ఉన్నాయి.

ఇక నాలుగవ మలుపు. కేరళలోని తుంబా నుంచి చిన్న పరిశోధక రాకెట్లు ఎగురుతున్న కాలంలో, ఉపగ్రహాలను పంపడానికి తూర్పు తీరంలో ఒక చోటు కావాలని, మన అంతరిక్ష కార్యక్రమానికి ఆద్యుడైన విక్రం సారాభాయి బృందం వెదికి, 1969లో శ్రీహరికోటను ఎంపిక చేసింది. కారణాలు పిల్లలకు బాగా నచ్చుతాయి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. తూర్పు దిశగా వదిలిన రాకెట్‌కు ఆ వేగం ఉచితంగా కలిసి వస్తుంది. సుమారు 13.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న శ్రీహరికోట దగ్గర అది సెకనుకు దాదాపు 450 మీటర్లు. ఏదైనా తేడా వచ్చి రాకెట్ పడిపోతే తూర్పున సముద్రమే ఉంది. చుట్టూ జనసాంద్రత తక్కువ, మద్రాసు దగ్గర. లోపం కూడా ఒకటి ఉంది: భూమి ధ్రువాల మీదుగా తిరిగే ధ్రువ కక్ష్యకు వెళ్లవలసిన రాకెట్ నేరుగా దక్షిణానికి వెళ్తే శ్రీలంక మీదుగా వెళ్లాలి గనుక, ముందు తూర్పుగా వెళ్లి తర్వాత మలుపు తీసుకుంటుంది, దానికి ఇంధనం ఖర్చవుతుంది.

1971 అక్టోబరు 9న ఇక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. రోహిణి-125 అనే ఆ చిన్న పరిశోధక రాకెట్ వ్యాసం 125 మిల్లీమీటర్లు మాత్రమే. సారాభాయి అదే ఏడాది డిసెంబరు 30న కన్నుమూశారు. తాను ఎంపిక చేసిన దీవి నుంచి ఉపగ్రహం ఎగరడాన్ని ఆయన చూడలేకపోయారు.

కానీ దీవి మనుషులకు ఆ సంవత్సరాల్లో అంతకంటే పెద్ద సంఘటన నేలసేకరణ. ఊళ్లు ఖాళీ అయ్యాయి, కుటుంబాలు సరస్సు దాటి పడమటి గట్టుకు చేరాయి. యానాది కుటుంబాలు కొన్ని మాత్రం దీవిలోనే వేరుగా ఏర్పరచిన కాలనీల్లో ఉండిపోయాయి. దానితో పాటే సూళ్లూరుపేట నుంచి సరస్సు మీదుగా పదిహేడు కిలోమీటర్లకు పైగా సాగే కట్టరోడ్డు వచ్చింది. అంతకుముందు ఇటునుంచి అటు వెళ్లడమంటే పడవ, గెడ, తెరచాప. లోతు లేని నీటిలో గెడను నేలకు ఆనించి, దాని మీద భారం వేసి, పడవ అంచు వెంట నడుస్తూ నెట్టాలి. ఎండాకాలంలో పడవ బురదకు తట్టుకుంటే దిగి తోయాలి. యువకుడిగా ఉన్నప్పుడు అలా కట్టె పడవలు నడిపిన ఒక పెద్దాయన సూళ్లూరుపేటలో నాతో అన్నారు: "రాకెట్టు మాకు పైన పోయింది సామీ, రోడ్డే మా నీళ్లల్లో పడింది."

ఆయన మాటలో శాస్త్రం ఉంది. కట్టరోడ్డు సరస్సు ఉత్తర భాగాన్ని దక్షిణ భాగం నుంచి వేరు చేసింది. తూములు ఉన్నా, వెనుకటిలాగా నీరు ధారాళంగా అటూ ఇటూ కదలదు. ఉత్తరాన రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడితే సముద్రపు నీరు రాదు, పూడిక పెరుగుతుంది, వేసవిలో మైళ్ల కొద్దీ ఎండిపోయి ఉప్పు పేరుతుంది. చేప, రొయ్య తగ్గితే మొదట నష్టపోయేది చిన్న వలవాళ్లు. ఇందులో రాకెట్ కేంద్రాన్ని దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. రోడ్డు లేకుండా ఆ కేంద్రం లేదు, నదుల నుంచి వచ్చే నీరు తగ్గడం, తీరపు ఇసుక కదలిక కూడా కారణాలే. అయితే జాతి గర్వించే పని ఒకటి జరిగినప్పుడు దానికి స్థానికంగా ఎవరు ఏమి ఇచ్చారో లెక్కలో రాసుకోవడం మన విధి.

పోలికకు ఇరకం దీవిని చూడండి. తడ మండలంలోని ఈ దీవికి భీమునివారిపాలెం రేవు నుంచి పడవలో వెళ్లాలి. బడి పంతులైనా, ప్రసవానికి వచ్చే గర్భిణి అయినా, ఎన్నికల పెట్టెలైనా నీటి మీదే వెళ్లాలి. వంతెన కావాలన్న కోరిక అక్కడ చాలా పాతది. ఒకే సరస్సులో ఒక దీవికి దేశం కోసం రోడ్డు వచ్చి అక్కడి మనుషులు బయటికి వెళ్లారు. మరొక దీవిలో మనుషులు ఉన్నారు, వారికి రోడ్డు రాలేదు. ఈ ఒక్క విషయం మీద మీ పిల్లల చేత చర్చ చేయించండి.

రాకెట్ల ఘట్టాలు ఎక్కడైనా దొరుకుతాయి గనుక క్లుప్తంగా చెబుతాను. 1979 ఆగస్టు 10న, ఉపగ్రహాన్ని మోసుకెళ్లడానికి మనం తయారు చేసిన ఎస్సెల్వీ-3 రాకెట్ తొలి ప్రయోగం విఫలమై 317 సెకన్లకు సముద్రంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం పక్కన నిలబడి అప్పటి ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ ఆ వైఫల్య బాధ్యతను పత్రికల ముందు తన మీద వేసుకున్నారు. 1980 జూలై 18న అదే రకం రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు మాట్లాడమని ధావన్ కలాంను ముందుకు పంపారు. దాని తర్వాతి పెద్ద రాకెట్ పీఎస్సెల్వీ కూడా 1993లో విఫలమై 1994 అక్టోబరు 15న గెలిచింది. ధావన్ మరణానంతరం 2002లో కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. చంద్రయాన్ 2008 అక్టోబరు 22న, మంగళయాన్ 2013 నవంబరు 5న, చంద్రయాన్-3 2023 జూలై 14న ఇక్కడి నుంచే వెళ్లాయి. 2025 జనవరి 29న నూరవ ప్రయోగం జరిగింది. 2004 ఫిబ్రవరిలో ఘన ఇంధన విభాగంలో జరిగిన పేలుడులో ఆరుగురు చనిపోయారు. విజయాల పట్టికలో వారిని కూడా తలచుకోవాలి.

తుఫానులను వదలకూడదు. 1984 నవంబరులో తీవ్రమైన తుఫాను శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. ఈ ప్రాంతపు వృద్ధులు సంవత్సరాలను గుర్తుపెట్టుకునేది తుఫానులతోనే. "ఆ గాలివానకు ముందా, తర్వాతా" అని అడిగితే తారీఖు తెలియని సంఘటనకు కూడా కాలం దొరుకుతుంది. మౌఖిక చరిత్ర సేకరించేవారికి ఇది చాలా ఉపయోగపడే పద్ధతి.

ఒక జాగ్రత్త: పాత పుస్తకాల్లో, పత్రికల్లో శ్రీహరికోట నెల్లూరు జిల్లాగా ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. పిల్లల నోటుపుస్తకంలో రెండూ రాయించండి, లేకపోతే రేపు ఎవరైనా తప్పు అంటారు.

ప్రయాణం గురించి కూడా రెండు మాటలు. సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున ఉన్న చెంగాళమ్మ గుడి దగ్గర ఆగండి. ప్రయోగాలకు ముందు ఇస్రో పెద్దలు అమ్మవారిని దర్శించుకోవడం ఆనవాయితీ. అక్కడి నుంచి కట్టరోడ్డు మీద వెళ్తూ అటకానితిప్ప దగ్గర బస్సు ఆపి, రోడ్డుకు రెండు వైపులా నీటి మట్టం, రంగు, పక్షులు ఎలా ఉన్నాయో పిల్లల చేత విడివిడిగా రాయించండి. అక్టోబరు నుంచి మార్చి లోపు అయితే మన వాళ్లు సముద్రపు రామచిలుకలు అనే ఫ్లెమింగోలు గుంపులుగా కనిపిస్తాయి. ప్రయోగం చూసే గ్యాలరీకి ముందుగా ఇస్రో వెబ్‌సైటులో పేర్లు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డులు తప్పనిసరి. యానాది కాలనీకి వెళ్లదలిస్తే ముందు అక్కడి పెద్దలను అడిగి, వారు సరేనంటే నలుగురైదుగురు పిల్లలతో మాత్రమే వెళ్లండి. బస్సు నిండా పిల్లలు దిగి ఫొటోలు తీస్తే వారిని చూడటానికి వచ్చినట్టుగా ఉంటుంది గాని వారి మాట వినడానికి వచ్చినట్టు ఉండదు. వెళ్లే ముందు పిల్లల చేత ప్రశ్నలు రాయించి ఇక్కడ పెట్టండి, ఏవి ఎవరిని అడగవచ్చో చూసి చెబుతాను.